ఒక్క రోగపు మొక్క కోసం

ఈ మధ్య వ్యవసాయ కళాశాలలో చదివే ఒకమ్మాయి మా ఇంటికొచ్చి, "మేడం, మీ కాలంలో జన్యువును ఎలా చూసేవారు?" అని అడిగింది. చూడలేదమ్మా, అన్నాను. అబద్ధం కాదు. ఉద్యోగమంతా వరి జన్యువుల మీదే గడిచింది గాని, ఒక్కదాని ముఖం కూడా కళ్ళారా చూడలేదు. బురదలో నిలబడి, మొక్క ఎలా నడుచుకుంటోందో చూసి, లోపల ఏముందో ఊహించేవాళ్ళం. ఇప్పుడు ఆకు ముక్క యంత్రానికిస్తే జన్యువుల వరుసంతా అచ్చు వేసినట్టు బయటికొస్తుంది. మంచిదే. నాకు కొంచెం అసూయగానే ఉంటుంది, దాచుకోవడమెందుకు?

కాని ఆ అమ్మాయికి చెప్పిందే ఈ రంగంలోకి వస్తున్న మీ అందరికీ చెబుతున్నాను. యంత్రం దాకా మొక్క సరిగ్గా వచ్చిందా లేదా అన్నదే అసలు ఉద్యోగం. నాకు వచ్చిన ప్రమోషన్లు, రాకుండా పోయినవి, వాటి కోసం తిరిగిన ఆఫీసులు, ఇవేవీ మీకు పనికిరావు. ఒక్క మడి కథ చెబుతాను. అందులో నేను నేర్చుకున్నదంతా ఉంది.

పురుగు, రాజేశం, కొత్త రకం

మాది నస్పూర్ దగ్గర మెథడిస్టు కుటుంబం. మా బాపు మిషన్ బడిలో పిల్లలకు చదువు చెబుతూనే కొంచెం వ్యవసాయం చేసేవాడు. ఎనభైలలో నాకు కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న వరి పరిశోధన కేంద్రంలో ఉద్యోగమిచ్చారు. అక్కడ మా పగలూ రాత్రీ ఉల్లికోడు గురించే.

ఉల్లికోడు అంటే దోమంత ఈగ. దాని పిల్లపురుగు వరి మొవ్వులోకి దిగి కూర్చుంటే ఆ పిలక కంకి వేయదు, ఉల్లికాడలా తెల్లటి గొట్టమై లేస్తుంది. మబ్బు పట్టి, సన్నటి వాన పడుతూ ఉంటే ఆ ఈగకు పండుగ. రైతుకు మడి నిండా గొట్టాలే మిగులుతాయి, పశువులకు మేత తప్ప ఇంకేమీ రాదు.

కాలువ చివరన రాజేశం పొలం ఉండేది. నీళ్ళు ఆలస్యంగా అందేవి, కాబట్టి నాట్లు ఆలస్యం, కాబట్టి ఏటా మొదట గొట్టాలు లేచేది అతని మడిలోనే. పురుగును తట్టుకునే పాత రకం ఒకటి ఉండేది గాని దాని బియ్యం లావు, పంటకాలం ఎక్కువ, చివరి పొలానికి అది కుదరదు. మా కేంద్రంలో కొత్త రకం ఒకటి తయారైంది. సన్న గింజ, తొందరగా కోతకొస్తుంది, పురుగుకు లొంగదు. చిరుసంచి అనే పద్ధతిలో కాస్త విత్తనం రైతుకిచ్చి అతని పొలంలోనే పరీక్షిస్తాం. రాజేశానికీ ఇచ్చాం. చుట్టూ గొట్టాలు లేచినా ఆ చిన్న పొలం చెక్క మాత్రం పచ్చగా నిలబడింది.

ఇంకా విడుదల కాని రకం కాబట్టి పండిన గింజంతా మేమే తెచ్చుకోవాలి. అది నియమం. గింజలు మూట గట్టుకొస్తుంటే రాజేశం అడిగాడు.

"మా పొలంల పండింది మేడం. మాకు గుప్పెడన్న ఇయ్యరా?"

"జర ఆగు రాజేశం, పరీక్ష అయిపోనీ," అన్నాను.

"మీకు పరీక్ష. మాకు కడుపు," అని తల తిప్పుకున్నాడు. అతని కోపం న్యాయమైనదే. నియమం కూడా న్యాయమైనదే. ఈ ఉద్యోగంలో ఇలాంటివి మీకూ ఎదురవుతాయి.

మాకున్న సందేహం ఏమిటంటే, పాత రకాన్ని కాపాడుతున్న జన్యువు, కొత్త రకాన్ని కాపాడుతున్న జన్యువు ఒకటేనా? వేరే ప్రాంతాల్లో పాత రకం పడిపోవడం మొదలైందని వార్తలొస్తున్నాయి. ఆ జన్యువును దాటుకుపోయే పురుగు అక్కడ పుట్టింది. రేపు అది ఇక్కడికీ వస్తుంది. కొత్త రకంలో ఉన్నదీ అదే జన్యువైతే, ఊళ్ళకు ఊళ్ళు ఆ రకం వేశాక ఒకేసారి మునుగుతాయి. కొత్త విత్తనాన్ని ఆ ప్రాంతాలకు పంపి చూద్దామనుకున్నాం, పంపాం కూడా. ఆ ఏడు అక్కడ పురుగే తగల్లేదు. ఇక మా మడిలోనే తేల్చుకోవాలి.

తేల్చుకునే పద్ధతి పాతదే. రెండు రకాలనూ సంకరం చేసి, మనుమల తరం దాకా తీసుకెళ్ళి, ఆ మొక్కల మీదికి పురుగును వదలాలి. తాతలిద్దరి దగ్గరా ఉన్న ఆస్తి ఒకటే అయితే అది మనుమలందరికీ అందుతుంది, ఒక్క మొక్కకూ రోగం రాదు. ఆస్తులు వేరైతే, పంపకాల్లో రెండూ దక్కని దురదృష్టవంతులు కొందరు ఉంటారు, పదహారింటికి ఒకటి చొప్పున. వాటికి గొట్టాలు వస్తాయి. అంటే ఆ మడిలో రోగం కనిపిస్తేనే కొత్త రకం బతికినట్టు. మడి నిగనిగలాడితే కొత్త రకాన్ని పక్కన పడేయాల్సిందే.

అద్దంలాంటి మడి

మా పైఅధికారి మాధవరావు సార్. భూములున్న ఇంటి బిడ్డ, పుస్తకం పట్టకముందే వరి తెలిసిన మనిషి. ఉదయం అరిచేవాడు, మధ్యాహ్నానికి మరిచిపోయేవాడు. కింది వాళ్ళ పని తన పేరు మీద రాసుకునే అలవాటు లేదు, ఆ రోజుల్లో అది చిన్న గుణం కాదు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి, పైవాళ్ళు వస్తున్నారంటే మడులన్నీ అద్దంలా ఉండాలి.

మనుమల మడి నాటి, పురుగు కూడా బాగా వచ్చిన రోజుల్లో నేను ఆదిలాబాద్‌లో రైతుల సభకు వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ నేను వరి గురించి మాట్లాడితే, వాళ్ళు సగం మరాఠీలో, సగం తెలుగులో పత్తి గురించి అడిగారు. నాకు పత్తి రాదన్నాను. అయితే ఎందుకొచ్చినవమ్మా అని ఒక పెద్దమనిషి నిజాయితీగానే అడిగాడు. నమస్కారం పెట్టి తిరిగొచ్చాను.

వచ్చీరాగానే మడి దగ్గరికి పోయాను. అంత అందమైన మడిని నేను జన్మలో చూడలేదు. కొలిచి కత్తిరించినట్టు ఒకే ఎత్తు, ఒకే పచ్చదనం. ఎక్కడా ఒక్క గొట్టం లేదు. ఒకే జన్యువన్నమాట, అయిపోయింది కొత్త రకం పని, అనుకున్నాను.

మా దగ్గర నాట్లకు, కలుపులకు వచ్చే ఆడవాళ్ళ గుంపుకు పెద్ద పోశవ్వ. నన్ను చూసి నవ్వుకుంటూ గట్టు మీదికొచ్చింది.

"చూసినవా మేడం, ఎట్ల మెరుస్తుందో! నువ్వు లేవు గని నిన్న హైదరాబాద్ సార్లు చూసి శభాష్ అన్నరు."

"ఏం చేసినవు పోశవ్వా?"

"ఏం జేస్తం? పెద్దసారు నీటుగ చెయ్యమన్నడు. గొట్టాలచ్చినయి ఒక్కటి లేకుండ పీకేసినం. సందులు పడ్డ కాడల్ల మంచి నారు తెచ్చి పెట్టినం. నీ మడి అని నేనే ముందల నిలబడి చేయించిన."

"పీకిన మొక్కలేవి?"

"గంపెడున్నయి. మా బర్రెకేసిన."

మూడు పంటకాలాల నా పనిని పోశవ్వ బర్రె తీరిగ్గా నెమరేస్తోంది. ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. పోశవ్వను ఏమని తిట్టను? రోగపు మొక్కను పీకి, సందులో మంచి మొక్క పెట్టడం ఆమె పుట్టిన దగ్గర నుంచీ నేర్చుకున్న మంచి పని. పెద్దసారు చెప్పాడు, ఆమె ప్రేమగా చేసింది.

మాధవరావు సార్ గదిలోకి పోయి చెప్పాను.

"మడి నీటుగుంచమన్న గని, గొట్టాలు పీకమన్ననా?" అన్నాడు. తర్వాత తనే, "అన్నట్టే ఉన్నది," అన్నాడు.

"గంపెడు రోగపు మొక్కలున్నయంటుంది సార్ పోశవ్వ. అంటే జన్యువులు వేరన్నట్టే గదా!"

"పోశవ్వను నేను నమ్ముత సుగుణా. కని ఆ గంపల సంకరం మొక్కలెన్ని, పురుగును పిలవనీకి ఒడ్డు వరుసల పెట్టిన మామూలు మొక్కలెన్ని? చెప్తవా? ఊరంత ఏసేటి విత్తనం ఇది."

ఆయన మాట చేదుగా ఉంది గాని తప్పు లేదు. రకాన్ని పక్కన పడేయకుండా ఇంకొక్క ఏడు ఉంచడానికి ఒప్పుకున్నాడు. ఆ ఒక్క ఏడు కోసం పైన ఎన్ని మాటలు పడ్డాడో నాకు తెలుసు. మంచి పైఅధికారి అంటే తప్పు చేయనివాడని మీరు అనుకోవద్దు. తన తప్పు ఖర్చును కింది వాళ్ళ నెత్తిన వేయనివాడు దొరికితే చాలు.

ఆ వారంలోనే రాజేశం వచ్చాడు.

"విత్తనం ఈ ఏడు కూడా లేదటగా," అన్నాడు.

"ఇంకొక్క ఏడు, రాజేశం."

"నేను ఆగుత మేడం, ఇల్లు ఆగది. మా బామ్మర్ది శ్రీరాంపూర్ల బొగ్గుబాయిల పని పెట్టిస్త అంటుండు. పోత." తువ్వాలు భుజానేసుకుని, "బాయిలకు దిగాల్నంటే భయమైతది. మాది నేల మీద బతుకు," అన్నాడు.

స్టోరులో ఆ విత్తనం మూట ఉంది. తాళం నా దగ్గరే ఉంది. ఇవ్వాలని చేయి లాగింది. ఇచ్చి ఉంటే మూడేళ్ళలో ఆ గింజ ఊరంతా పాకేది, జన్యువు సంగతి తేలకుండానే. ఇవ్వలేదు. అతను గేటు దాటి పోతుంటే చూస్తూ నిలబడ్డాను, చాలా బాధపడ్డాను.

పురుగు రాని ఏడు

మరుసటి వానాకాలం మనుమల మడిని మళ్ళీ నాటాం. ఈసారి నాటుకు ముందే ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పాను.

"ఈ మడిల రోగమచ్చిన మొక్కనే మనకు ముఖ్యం. ఎవ్వరూ పీకద్దు, సందుల్లో నారు పెట్టద్దు."

"అయితే గిది దవాఖాన అనుకోవాల్నా?" అంది పోశవ్వ.

"దవాఖానల నయం చేస్తరు. ఇక్కడ అది కూడా చెయ్యద్దు."

"ఏం సదువు బిడ్డా నీది!" అని అందరూ విరగబడి నవ్వారు. అయినా ఆ రోజు నుంచి ఆ మడి గట్టు మీదికి గడ్డి కోసుకునేవాళ్ళను కూడా పోశవ్వ రానివ్వలేదు.

మడి సిద్ధం, మనుషులు సిద్ధం, పురుగు రాలేదు. మబ్బు లేదు, జల్లు లేదు, ఎండ కొరడాతో కొట్టినట్టు కొడుతోంది. జిల్లాలో రైతులంతా సంతోషంగా ఉంటే నేనొక్కదాన్నే ఆకాశం కేసి చూసి నిట్టూర్చాను. ఆదివారం ఇంటికి పోయినప్పుడు చర్చిలో కళ్ళు మూసుకుని మనసులో అనుకోవాల్సింది కాస్తా పైకే అనేశాను. పక్కన కూర్చున్న మా అవ్వ ఉలిక్కిపడింది.

"ఏందే, దేవుని దగ్గర పురుగును అడుగుతున్నవా? మంచిగున్న పంటకు రోగమడుగుతరా ఎవలన్న?"

"ఒక్క మడికే అవ్వా," అన్నాను.

"ఆయనకు నీ మడి ఏదో, నా మడి ఏదో ఏం ఎరుక? ఊకో," అని నా నోరు మూయించింది.

దేవుడిని అడగడం మానేసి రాజేశం పొలానికి పోయాను. అతని భార్య లచ్చవ్వ ఒక్కతే తిండి గింజల కోసం కొంచెం నాటింది. కాలువ చివర, తడి ఆరని పల్లం, ఆలస్యపు నాటు. జిల్లా మొత్తంలో పురుగు దాక్కుందంటే అక్కడే ఉండాలి. ఉంది. గొట్టాలు లేస్తున్నాయి.

"ఈ రోగపు మొక్కలు నాకియ్యి లచ్చవ్వా," అన్నాను.

"తీస్కపో మేడం, గవే కరువైనయా నీకు?" అంది. తర్వాత మట్టితో సహా మొదళ్ళు తవ్వి ఇస్తూ, "ఆయన నెలకోపాలి అస్తుండు. దగ్గుకుంట అస్తుండు. అడిగితే ఏం లేదంటడు," అంది. నేను తల దించుకుని బకెట్లు నింపుకున్నాను.

బకెట్లకు దోమతెర కట్టి, పోశవ్వను తోడు తీసుకుని బస్సెక్కాను. కండక్టర్ వచ్చాడు.

"ఏమున్నయమ్మా అందుల?"

"పురుగులు."

"పురుగులా? జనం పరేషాన్ అయితరు, పైన ఎయ్యుండ్రి."

"పైన ఎండకు సస్తయి బిడ్డా," అంది పోశవ్వ. "సర్కారు పురుగులివి. సస్తే నీదే జిమ్మెదారి."

కండక్టర్ వెనక సీటు మొత్తం మాకే వదిలేశాడు. ఎవరూ మా దగ్గర కూర్చోలేదు. ఉద్యోగంలో నాకు దొరికిన అతి పెద్ద మర్యాద అదే.

మడి మీద తెర కప్పి, పొద్దుమాపు నీళ్ళు చల్లి తడిగా ఉంచి, ఆ మొక్కలను మధ్యలో పెట్టాం. గొట్టాల్లోంచి ఈగలు లేచాయి. తర్వాత ఎదురుచూడటమే. కొత్త రకం గతి, రాజేశం గతి ఆ మడిలో ఉన్నాయి.

ఒక ఉదయం పోశవ్వ కేకలు ఆఫీసు దాకా వినిపించాయి.

"మేడం! అచ్చింది! ఉర్కిరా, అచ్చింది!"

పరుగెత్తాను. పచ్చటి వరుసలో ఒక మొక్క నడుమ తెల్లటి గొట్టం, వేలెడంత. దానికి కాస్త దూరంలో ఇంకొకటి. ఆడవాళ్ళంతా పురిటింట్లో బిడ్డను చూసినట్టు వంగి చూస్తున్నారు. మాధవరావు సార్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి దిగాడు. "ఎవ్వలు ముట్టద్దు! ఎవ్వలు ముట్టద్దు!" అని ఆయనే పదిసార్లు అరిచాడు. తర్వాతి రోజుల్లో ఒక్కొక్క మొక్కనూ ఆయన ఒకసారి, నేనొకసారి లెక్కపెట్టాం. పదహారింటికి ఒకటి అన్న లెక్కకు దగ్గరగా తేలింది. జన్యువులు వేరు. ఆ రోజు కేంద్రంలో అందరికీ చాయ్, మిర్చి బజ్జీలు ఆయన ఖర్చే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎవరేమనుకుంటే నాకేం!

పశువుల దవాఖాన సాయం

అంతటితో విత్తనం ఇచ్చేస్తారనుకున్నాను. మాధవరావు సార్ ఒకసారి కాలిన మనిషి, ఇంకో సాక్ష్యం కావాలన్నాడు. అప్పటికి తొంభైల మొదలు. జన్యువు ఉందా లేదా అన్నదే కాక, అది ఎప్పుడు పని చేస్తోందో చూసే పద్ధతులు హైదరాబాద్ ప్రయోగశాలల్లోకి వచ్చాయి. నాతో చదువుకున్న స్నేహితురాలు అలాంటి చోట ఉంది, చూసి పెడతానంది.

జన్యువు ఉండటం వేరు, పని చేయడం వేరు. ఇంట్లో గొడ్డలి ఉంటే చాలదు, దొంగ వచ్చిన వేళ చేతికి అందాలి. పురుగు మొవ్వు దగ్గరికి దిగిన వేళకే ఆ మొదలును కోసి, కోసిన క్షణంలో గడ్డకట్టించాలి. ఆలస్యమైతే కోసిన గాయానికే మొక్క లోపల వేరే గందరగోళం మొదలవుతుంది, మనం చూడాల్సింది పోతుంది. అలా గడ్డకట్టించాలంటే ద్రవ నత్రజని కావాలి. అది మా కేంద్రంలో లేదు. జిల్లాలో ఉన్నది ఒక్క చోటే, పశువుల దవాఖానలో. అక్కడ కోడెల వీర్యం అందులో భద్రపరిచేవారు.

పశువుల డాక్టరు మంచి హాస్యగాడు. "ఇస్తనమ్మా, గని నా కోడెలు కరిగిపోతే వచ్చి నువ్వే జవాబు చెప్పాలె," అని ఒక చిన్న క్యాను నింపి ఇచ్చాడు. పశువుల దవాఖాన క్యాను వరి మడి గట్టు మీద పొగలు కక్కుతుంటే చూసిన జనం ఊరుకుంటారా? వరికి కూడా సూదులేస్తున్నారట అని ఊరంతా పాకింది. చాలా రోజులు నేను సూదుల మేడంనే.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లటి చారలు, పని చేస్తున్న జన్యువుకు ఒక్కో చార. పురుగు దిగగానే కొత్త రకంలో కొన్ని జన్యువులు చురుగ్గా లేచాయి, పాత రకంలో అవి కదల్లేదు. కంటికి కనిపించే తేడా కూడా ఉంది. కొత్త రకంలో పురుగు కూర్చున్న చోటు గోధుమరంగుకు తిరిగి పురుగు చస్తుంది. పాత రకంలో ఏ మచ్చా లేకుండా చస్తుంది. రెండూ వేర్వేరు దారుల్లో పోరాడుతున్నాయన్నమాట. ఆ చారల్లో ఏది ఏ జన్యువో అప్పుడు మాకు చాలావరకు తెలియదు. తెలియదనే రాశాం. తెలియనిది తెలియదని రాయడానికి సిగ్గుపడకండి. మాధవరావు సార్ ఆ ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూసి, "ఇగ ఇద్దాం," అన్నాడు.

కోతల నాడు

కొత్త విత్తనం ఊళ్ళకు పోయిన ఏడు మొదటి సంచి లచ్చవ్వకే ఇప్పించాను. ఇస్తూ ఒక మాట చెప్పాను, ప్రతి రైతుకూ చెప్పాను. ఇది ఎల్లకాలం నిలుస్తుందని నేను మాటివ్వలేను, పురుగు కూడా ఊరికే కూర్చోదు, చేలన్నీ ఈ ఒక్క రకమే వేయకండి. విన్నవాళ్ళు విన్నారు. వినని వాళ్ళ మీద నాకు కోపం లేదు, సన్న బియ్యం తిన్నాక ఎవరు వింటారు?

ఆ వానాకాలం మబ్బులు బాగా పట్టాయి. జిల్లాలో చాలా మడుల్లో గొట్టాలు లేచాయి. నాకు కాలు నిలవలేదు గాని లచ్చవ్వ పొలానికి పోవడానికి ధైర్యం చాల్లేదు. కోతల సమయానికి పోయాను.

పొలమంతా కంకులే. సగం కోత అయిపోయింది. లచ్చవ్వ కొడవలితో వంగి కోస్తోంది. గట్టు మీద కట్టలు మోస్తున్న మనిషి నన్ను చూసి, కట్ట దించి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. రాజేశం. బక్కచిక్కిపోయాడు. దగ్గు మాత్రం వినిపించలేదు.

"కోతలకు ఎన్ని దినాల సెలవు పెట్టినవు రాజేశం?" అని అడిగాను.

అతను లచ్చవ్వ వైపు చూశాడు. ఆమె కొడవలి ఆపకుండానే నవ్వింది.

"సెలవు గాదు మేడం," అన్నాడు. "బాయిల టోపీ, బూట్లు వాపస్ ఇచ్చి అచ్చిన."